పాదాల బావి

కృష్ణాష్టమి నాడు మా వీధిలో ప్రతి గుమ్మం ముందూ బియ్యప్పిండితో చిన్ని చిన్ని పాదాలు వేస్తారు. పక్కింటావిడ చాలా మంచి మనిషి. ప్రతి ఏడూ నన్ను పిలిచి, బాగున్నాయా అని అడుగుతుంది. బాగున్నాయమ్మా అంటాను. వాటి వైపు మాత్రం రెండోసారి చూడను. కన్నయ్య మీద నాకేం కోపం లేదు. ఆమె భక్తి మీదా లేదు. దేవుడి పాదాలంటే నాకు అసహ్యం, అంతే. అది పుట్టుకతో వచ్చింది కాదు. యుద్ధం జరుగుతున్న రోజుల్లో, పురిటికి పుట్టింటికి వెళ్ళిన వేసవిలో పట్టుకుంది. ఇంతవరకూ వదల్లేదు.

మా పల్లె గురజాలకు కాస్త ఎడంగా, ఒక పెద్ద ఊరికి దక్షిణాన ఉంటుంది. మా తాతల నాడే మేము క్రైస్తవంలో కలిశాం. నాన్న మిషన్ బడిలో పంతులు. ఆదివారం ప్రసంగం కూడా ఆయనదే. ప్రార్థనలు చేసినా, చదువులు చదివినా, ఊరివాళ్ళకు మేము అంటరానివాళ్ళమే. ఊరి బావిలో మమ్మల్ని చేద వెయ్యనిచ్చేవాళ్ళు కాదు. ఆ అవమానం పడలేక మా తాత తరంవాళ్ళు ఒక కరువు ఏడాది తమ బావి తామే తవ్వుకున్నారు. పలనాట బావి తవ్వడమంటే మట్టి తియ్యడం కాదు, రాయి పగలగొట్టడం. సమ్మెట దెబ్బలకు మా తాత చేతివేళ్ళు వంకర తిరిగిపోయాయని నాయనమ్మ చెప్పేది. ఆ వంకర వేళ్ళతోనే ఆయన నన్ను ఎత్తుకున్నాడట, నాకు గుర్తు లేదు.

బావి అంచున నిలబడి తోడుకోవడానికి ఒక వెడల్పాటి బండ కావలసి వచ్చింది. పొలాల అవతల ఒక పాత దిబ్బ ఉండేది. అందులో నున్నటి తెల్లరాతి పలకలు దొరికేవి. ఊళ్ళో కామందులు వాటిని ఇంటి మెట్లకు పెట్టుకునేవాళ్ళు, మిగిలినవాటిని బట్టీలో కాల్చి సున్నం చేసుకునేవాళ్ళు. మా తాత వాటిలో ఒకదాన్ని ఎద్దుల చేత లాగించుకొచ్చి బావి అంచున పరిచాడు. దాని మీద రెండు పాదాలు చెక్కి ఉన్నాయి. మనిషి పాదాలకన్నా పెద్దవి, పక్కపక్కనే కుదురుగా ఉన్నాయి. అరికాళ్ళ నడుమ ఆకులున్న బండిచక్రం, వేళ్ళ మీద ఒక్కొక్కదానికీ ఒక చిన్న స్వస్తిక్ గుర్తు. ఎవరివి, ఎందుకు చెక్కారు అని పల్లెలో ఎవరూ అడగలేదు. దొరికిన రాయి పనికొచ్చింది, అంతే.

పనికొచ్చిందంటే మామూలుగా కాదు. మా బావి లోతెక్కువ. వేసవిలో నీళ్ళు అడుక్కు పోతే చేంతాడు చేతికి బరువవుతుంది. తడిసిన నాపరాయి మీద కాలు నిలవదు. ఆ రెండు పాదాల్లో మన పాదాలు పెట్టి, ఆ గీతల గరుకులో వేళ్ళు బిగించి నిలబడితే ఇక జారమన్నా జారదు. పల్లెలో ఆడపిల్లకు నీళ్ళు తోడడం నేర్పేటప్పుడు ముందు కాళ్ళు ఎక్కడ పెట్టాలో చూపించేవాళ్ళు, ఆ తరవాతే తాడు చేతికిచ్చేవాళ్ళు. నా అరికాళ్ళకు ఆ చక్రం ఎంత బాగా తెలుసో నా కళ్ళకు అంత తెలియదు.

దాన్ని పట్టుకుని ఒక ఆచారం కూడా పుట్టింది. పురిటి స్నానాలు అయ్యాక బాలింత మొదటిసారి బావికి వచ్చి చేద వెయ్యడం అన్ని కులాల్లోనూ ఉన్నదే. మా పల్లెలో మాత్రం ఆ బాలింత పాదాలకు పసుపు రాసి, ఆ రాతిపాదాల్లో నిలబెట్టేవాళ్ళు. నాన్న ప్రార్థన చేసేవాడు. బాలింత చేద వేసి తోడి, మొదటి నీళ్ళు బిడ్డ అరికాళ్ళకు రాసేది. ఆ రోజు నుంచే ఆమె మళ్ళీ మామూలు మనిషి. మా అమ్మ అలాగే నిలబడింది, నాయనమ్మ అలాగే నిలబడింది. నరసరావుపేటలో కాపురం పెట్టినా, నేను కానుపుకు మా పల్లెకే వస్తానని పట్టుబట్టింది కూడా అందుకే.

ఆడపిల్ల పుట్టింది. నేనింకా మంచం దిగలేదు. అప్పుడు మిషన్ దొరగారు తనిఖీకి వచ్చారు.

ఆయన చెడ్డవాడని ఎవరూ అనలేరు. బడి పిల్లలకు పలకలు పంచాడు, నా బిడ్డ తల మీద చెయ్యి పెట్టి దీవించాడు. ఎండకు దాహమేసి బావి దగ్గరికి వెళ్ళి, గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని కిందికి చూశాడు. గ్లాసు అలాగే ఆగిపోయిందట. జర్మనీవాళ్ళ జెండా మీది గుర్తు ఇక్కడికెలా వచ్చిందని నాన్నను అడిగాడు. తన సంచిలోంచి ఒక ఇంగ్లీషు పేపరు తీసి, అందులోని బొమ్మ చూపించాడు. ఆయన తమ్ముడు ఎక్కడో ఆ జెండావాళ్ళతోనే యుద్ధం చేస్తున్నాడట. పైగా ఇది అన్యుల విగ్రహం, విశ్వాసుల కాళ్ళ కింద ఉండకూడదు, ఉలితో చెరిపించెయ్యమన్నాడు. నాన్న దొరగారి మాటకు ఏనాడూ ఎదురు చెప్పినవాడు కాదు. వంటవాడు ఉప్పు ఎక్కువైందని చెప్పినంత తేలిగ్గా వచ్చి ఆ మాట ఇంట్లో చెప్పాడు.

నాయనమ్మ కూర్చున్నచోటి నుంచి లేవలేదు.

“వేళ్ళ కాడ గరుకు పోతే కాలు నిలుస్తదంట్రా? నీళ్ళు తోడేది నువ్వా, నీ దొరా?”

 నాన్న మర్నాడు రోళ్ళకూ తిరగళ్ళకూ గంట్లు పెట్టే ఒకాయన్ను ఊళ్ళోంచి పిలుచుకొచ్చాడు. ఆయన ఎడమ పాదం బొటనవేలితో మొదలుపెట్టి ఐదు వేళ్ళ మీదా గుర్తులు కొట్టేసి చదును చేశాడు. కుడి పాదం దగ్గరికి వచ్చేసరికి, పొడి కడగడానికి నీళ్ళు పోస్తే, అరికాలులోని చక్రం తేటగా కనపడింది. ఆయన ఉలి కింద పెట్టాడు. చెంపలు వేసుకున్నాడు. విష్ణుచక్రమని, తన చేతులు పడిపోతాయని గొణుక్కుంటూ సంచి సర్దుకుని ఊళ్ళోకి వెళ్ళిపోయాడు. మాకు రోజూ కనిపించే చక్రాన్ని ఆయన ఆ రోజే కొత్తగా చూశాడు. ఒక గుర్తును చెరపబోయి ఇంకో గుర్తును ఊరంతటికీ చూపించిన ఘనత మా నాన్నది.

పొద్దు వాలేలోపల షావుకారు వచ్చాడు.

ఆయన గురించి ఒక్క మాట చెప్పాలి. ఊళ్ళో మిరపకాయల వ్యాపారమంతా ఆయనదే. చిన్నప్పుడు నేను కూడా ఆయన దొడ్లో కూర్చుని కాయలకు తొడిమలు తీసినదాన్నే. ఘాటుకు గొంతు మండి మంచినీళ్ళు అడిగితే, ఆయన మనిషి వచ్చి మా దోసిట్లో పైనుంచి ఎత్తి పోసేవాడు. చెంబు మా చేతికి తగలకూడదు. సగం నీళ్ళు మోచేతుల మీదుగా కారిపోయేవి. ఆ షావుకారు పుట్టి బుద్ధెరిగాక మా పల్లెలో అడుగుపెట్టడం అదే మొదలు. వచ్చి, మా బావి దగ్గర, మా ఆడవాళ్ళ బిందెల మధ్య, బురదలో సాష్టాంగపడ్డాడు. సీతమ్మను వెతుక్కుంటూ రాములవారు ఈ దారినే వెళ్ళారని, దాహమేసి ఇక్కడ నిలబడ్డారని, ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకుపోయాయని ఏడ్చాడు. నిజంగా ఏడ్చాడు. నటించాడని నేనెప్పుడూ అనుకోలేదు, అందుకే నాకు మరీ రోత.

బండ మా తాత ఎద్దులతో ఈడ్చుకొచ్చిందని నాయనమ్మ వెళ్ళి చెప్పింది. అటు దిబ్బ వైపు చెయ్యి చూపించి మరీ చెప్పింది. ముసల్దానికి మతి పోయిందన్నారు.

తరవాత జరిగినదంతా మెల్లగా, మర్యాదగా జరిగింది. ముందు బండ చుట్టూ ముళ్ళకంప వేశారు. స్వామి పాదాల మీద కాళ్ళు పెట్టడం మహాపాపం కాబట్టి, మమ్మల్ని అవతలి వైపు నుంచి తోడుకోమన్నారు. అవతలి వైపు ఏటవాలు. ఒకామె జారి మోకాలు చిప్ప పగలగొట్టుకుంది. నాలుగు రోజులయ్యాక, స్వామి సన్నిధిలో అవతలి వైపైనా ఎట్లా కుదురుతుందన్నారు. ఆ తరవాత ఒక అయ్యగారిని పిలిపించి బావికి శుద్ధి చేయించారు. ఆవు పేడ, ఆవు పంచితం, పాలు, పెరుగు, నెయ్యి కలిపి మంత్రాలు చదువుతూ చెంబులతో బావిలో పోశారు. మేము తాగే నీళ్ళు! మా చేతులు తగిలిన మైల పోవడానికి మేము తాగే నీళ్ళలో పేడ కలిపారు. నేను గడప దగ్గర బిడ్డను ఒళ్ళో వేసుకుని అదంతా చూస్తున్నాను. 

రెండు రాతికాళ్ళకు మొక్కడం కోసం రెండు వందల కాళ్ళను తరిమేశారు. మా కాళ్ళు తగిలితే ఆ కాళ్ళు మైలపడతాయట. అన్నేళ్ళుగా వాటి గరుకు పోకుండా పాచి గీకి కాపాడింది మా కాళ్ళే.

జనం రావడం మొదలైంది. మాచర్ల వైపు నుంచి, కృష్ణ అవతలి నుంచి కూడా బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు. పాదాల బావి అనే పేరు అప్పుడు పుట్టిందే. తాటాకు పందిరి వేశారు. కొబ్బరికాయలు కొట్టి ఆ నీళ్ళు రాయి మీదే పోసేవాళ్ళు. అరటిపండు తొక్కలు, వాడిపోయిన బంతిపూలు, కర్పూరం మసి, నెయ్యి జిడ్డు, కుంకుమ పేరుకుని పేరుకుని చివరికి ఆ పాదాల్లో గీత అన్నదే కనపడకుండా పోయింది. ఈగలు ఎంత ముసిరేవంటే, గాలికి అవి ఒక్కసారి లేస్తే కింద రాయి ఉందని తెలిసేది. పూలన్నీ బావిలో వేసేవాళ్ళు. అవి కుళ్ళి నీళ్ళ మీద ఒక పచ్చటి తెర కట్టింది. ఆ నీళ్ళే ఉద్ధరిణెతో తీర్థమని ఇస్తుంటే కళ్ళకద్దుకుని తాగేవాళ్ళు. ఆ వాసన మా ఇంటిదాకా కొట్టేది. ఎవరికీ దాహం తీర్చకుండా ఒక బావి బావిగా చచ్చిపోవడం నేను అక్కడ చూశాను.

మావాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? పందిరి చాటు నుంచి దణ్ణం పెట్టుకొచ్చిన ఆడవాళ్ళు మా పల్లెలోనూ ఇద్దరు ముగ్గురున్నారు. నిన్నటిదాకా ఆ వేళ్ళ సందుల్లో మసిగిన్నెలు ఆనించి తోముకున్నవాళ్ళే. ఒకామెను నిలదీశాను. అంతమంది మొక్కుతుంటే ఏదో ఉండే ఉంటుంది కదమ్మాయ్ అంది.

నీళ్ళ కోసం వాగుకు పోవలసి వచ్చింది. వాగు ఎండిపోయింది. ఇసక తవ్వి చెలమ చేసుకుంటే అడుగున నీరు ఊరేది. చిప్పతో ముంచుకుని, గుడ్డతో వడగట్టుకుని, బిందె నింపుకునేసరికి పొద్దెక్కేది. ఎండలో అంత దూరం మోసుకొచ్చిన నీళ్ళతో నాకు పథ్యం వండడం అమ్మ వల్ల అయ్యేది కాదు. నాకు పాలు తగ్గాయి. బిడ్డ ఏడుపు పల్లె మొత్తానికీ వినపడేది.

నాన్న దొరగారి దగ్గరికి వెళ్ళాడు. పొద్దున వెళ్ళినవాడు సాయంత్రానికి వచ్చి, చెప్పులు విప్పకుండానే అరుగు మీద కూర్చున్నాడు. దొరగారు సంతోషించాడట. విగ్రహం దానంతటదే విశ్వాసుల చేతుల్లోంచి పోవడం దేవుడి చిత్తమన్నాడట. మరి నీళ్ళ సంగతి అంటే, కొత్త బావి కోసం పైవాళ్ళకు రాస్తానని, ఓపిక పట్టి ప్రార్థించమని చెప్పాడట. బావిని ఏ చేతులు తవ్వాయో ఆయనకు తెలియదు. అవి తన తండ్రి చేతులేనని నాన్న చెప్పాడో లేదో నేను అడగలేదు. చెప్పి ఉండడు.

ఇంతలో మూడో మనిషి వచ్చాడు. పాత దిబ్బలు తవ్వించి రాళ్ళు వెతికే ఆఫీసరు, మద్రాసు నుంచట. ఆయన టోపీ తీసి, పందిట్లో గొంతుక్కూర్చుని, కుచ్చు బ్రష్షుతో కుంకుమ తుడుస్తూ చాలాసేపు చూశాడు. చెక్కేసిన ఎడమ వేళ్ళను చూసి తల కొట్టుకున్నాడు. ఇవి బుద్ధుడి పాదాలని చెప్పాడు. వెనకటి కాలంలో ఆయన రూపం చెక్కేవాళ్ళు కాదట. ఆయన ఇక్కడ ఉన్నాడు, వెళ్ళిపోయాడు అని చెప్పడానికి అడుగులు మాత్రం చెక్కేవాళ్ళట. స్వస్తిక్ గుర్తు జర్మనీవాళ్ళు పుట్టకముందు నుంచీ ఈ గడ్డ మీద మంచికి గుర్తట. బుద్ధుడు కులం చూడలేదని, ఎవరినైనా చేర్చుకున్నాడని కూడా చెప్పాడు. కంప అవతల నిలబడి వింటున్న మాకు అదెంత కొత్త సంగతో! నా మనసు ఒక్కసారి లేచి కూర్చుంది. షావుకారు మాత్రం చెక్కుచెదరలేదు.

“బుద్ధుడంటే ఎవురండీ, విష్ణుమూర్తి అవతారమే గదా. అయితే మా సామే.”

ఆఫీసరు నవ్వి ఊరుకున్నాడు. ఆయన బండెక్కబోతుంటే నేను బిడ్డను భుజాన వేసుకుని అడ్డం వెళ్ళాను. చదువుకున్నదాన్ని కాబట్టి నాతో మాట్లాడతాడనే ధైర్యం. ఈ రాయి మీరు పట్టుకుపోండి, మా బావి మాకు మిగులుతుంది అన్నాను. రాయి సంగతి పైకి రాస్తాను గానీ, బావి తన పని కిందికి రాదన్నాడు ఆయన. నా ముఖం వైపు కూడా చూశాడు, జాలిగానే చూశాడు. ఆ జాలి నాకు ఈగల కన్నా అసహ్యంగా తోచింది. ముగ్గురూ ఆ పాదాలను చదివారు. ఒకరికి శత్రువు కనిపించాడు, ఒకరికి దేవుడు, ఒకరికి చరిత్ర. వాటిలో నిలబడి నీళ్ళు తోడుకునే మనుషులు మాత్రం ముగ్గురిలో ఒక్కరి కంటికీ ఆనలేదు.

బాలింత చేద రోజు వచ్చింది. చెలమకు చేద ఏమిటి, మానేద్దామని నేనే అన్నాను. నాయనమ్మ ఒప్పుకోలేదు.

“బిడ్డ కాళ్ళకు మొదటి నీళ్ళు రాయందే ఎట్టా? పాదాలు ఊళ్ళోవాళ్ళు తీసుకున్నారు గానీ, నా అరికాళ్ళు తీసుకోలేదు గదే.”

పొద్దు పొడవగానే వాగుకు వెళ్ళాం. చెలమ పక్కన తడి ఇసకను ఆవిడ అరచేతులతో చదును చేసింది. మోకాళ్ళ మీద కూర్చుని రెండు పాదాలు తవ్వింది. చూపుడువేలితో అరికాలు నడుమ చక్రం గీసింది, ఆకులతో సహా. వేళ్ళ మీద ఒక్కొక్కటిగా గుర్తులు పెట్టింది. ఎడమ పాదం మీద నాన్న చెరిపించినవి కూడా పెట్టింది. ఒక్కచోట కూడా ఆలోచించడానికి ఆగలేదు. కళ్ళు సరిగా కనిపించని మనిషి ఆమె. అన్నేళ్ళుగా అరికాళ్ళతో చదువుకున్నదాన్ని వేళ్ళతో తిరిగి అప్పజెప్పింది. నా కాళ్ళకు పసుపు రాసి అందులో నిలబెట్టారు. నాన్న ప్రార్థన మొదలుపెట్టి, ఆమెన్ అనకుండానే మధ్యలో ఆపేశాడు. నేను చిప్పతో నీళ్ళు ముంచి బిడ్డ అరికాళ్ళకు రాశాను. అవి చల్లగా తగిలి బిడ్డ ఏడుపు ఆపింది. ఆ వేసవి మొత్తంలో నాకు అసహ్యం లేని పొద్దు అదొక్కటే.

మర్నాడు పొద్దున అమ్మతో కలిసి నీళ్ళకు వెళ్ళాను. చెలమ దగ్గర మా ఆడవాళ్ళు బిందెలు చంకన పెట్టుకుని కదలకుండా నిలబడి ఉన్నారు. ఎవరూ నీళ్ళు ముంచడం లేదు. నేను వాళ్ళను తోసుకుని ముందుకు వెళ్ళి చూశాను.

ఇసకలోని పాదాల మీద కుంకుమ. కొట్టిన కొబ్బరికాయ, రెండు చెక్కలు. ఒక అరటిపండు, దాని మీద చీమలు.

గడ్డి కోసుకుని ఊరి మీదుగా వచ్చిన ఒకామె సంగతి చెప్పింది. గొర్రెలు తోలుకుపోయేవాళ్ళెవరో చూశారట.

“సామి బాయి కాడ నుంచి లేచి వాగుకు నడిచొచ్చాడంట. మద్దినేళకి షావుకారుగారు మేళం పెట్టుకుని వత్తన్నాడంట.”

 ఈ చెలమ కూడా పోతే ఇక నీళ్ళు లేవు. కోసెడు దూరంలో కృష్ణ లేదు, వాన లేదు, దొరగారి కొత్త బావి లేదు. వెనకాల కర్ర పొడుచుకుంటూ వచ్చిన నాయనమ్మకు ఎవరో చెవిలో చెప్పారు. ఆమె అందరినీ తప్పించుకుని ముందుకు వచ్చింది. నేను ఆపుతానేమోనని కర్ర నా చేతికిచ్చింది. తాను గీసిన చక్రం మీద తానే ఎక్కి నిలబడి, ఈ కాలూ ఆ కాలూ మార్చి తొక్కింది. కుంకుమ, ఇసక, అరటిపండు కలిసి ఎర్రటి బురద అయ్యేదాకా తొక్కింది. కొబ్బరిచెక్కలు తుప్పల్లోకి విసిరేసింది. అప్పుడు మా అందరి కాళ్ళ వైపు చూసింది.

“మీ అడుగులు కూడా చెరపండే. ఒక్కటి మిగిలినా దండం పెడతారు.”

మధ్యాహ్నం మేళం వచ్చింది. వాగంతా వెతికారు, ఏమీ దొరక్క వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి మా పల్లె ఆడవాళ్ళకు అది పనిలో భాగమైంది. బిందె నిండాక తంగేడు మండ ఒకటి విరుచుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ, గట్టు ఎక్కేదాకా ఎవరి అడుగులు వాళ్ళు చెరుపుకోవాలి. బరువుతో నడుం విరిగేది. అయినా ఎవరూ మరిచిపోలేదు.

కొత్త బావి రాలేదు. మరుసటి వేసవికి నేను మళ్ళీ వెళ్ళేసరికి నా బిడ్డకు నడక వచ్చింది. వాగులో దించితే, చెప్పకుండానే నా చెయ్యి వదిలేసి, చెలమ దాకా తనంతట తాను నడిచింది. తడి ఇసకలో చిన్ని చిన్ని పాదాలు, వేళ్ళతో సహా కుదురుగా పడ్డాయి. అమ్మ చూసి మురిసిపోయింది. నేను తంగేడు మండ తీసుకుని వాటిని ఒక్కొక్కటిగా చెరిపేశాను.